'మూడేసి' సరిపోతుందా? ఒక నవల చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి రెండు వారాలుగా రాత్రి భోజనాలయ్యాక డాబా మీద ఆర్థర్ సి. క్లార్క్ నవల 'రాండెవూ విత్ రామా' తెలుగులో చెబుతున్నాను. 1973లో వచ్చిన పుస్తకం. నేను ఐదారుసార్లు చదివుంటాను. కథంతా అయిపోయింది, చివరి వాక్యం ఒక్కటే మిగిలింది. అది తెలుగులో ఎలా చెప్పాలో తోచక "నిద్రొస్తోంది, రేపు చెబుతా" అని రెండు రోజులుగా తప్పించుకుంటున్నాను.

ఈ నవల చదవాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి. తరవాత నన్ను తిట్టుకోవద్దు.

2131లో సూర్యుడి వైపు ఏదో వస్తూ కనబడుతుంది. గ్రహశకలం అనుకుంటారు. గ్రీకు, రోమన్ దేవతల పేర్లు అప్పటికే వాడేశారు కనక మన దేవుళ్ళ దగ్గరికొచ్చి 'రామ' అని పెడతారు. తీరా దగ్గరికెళ్ళి చూస్తే అది సుమారు 50 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వెడల్పు ఉన్న పెద్ద డ్రమ్ములాంటి ఓడ. నాలుగు నిమిషాలకోసారి తన చుట్టూ తాను తిరుగుతుంటుంది. లోపల సముద్రం ఉంది, ఊళ్ళలాంటివి ఉన్నాయి. కట్టినవాళ్ళు మాత్రం ఎక్కడా కనబడరు. క్లార్క్ నాకు నచ్చేది ఇక్కడే. ఇంకొకరైతే ఏ మూల నుంచో ఒక భూతాన్ని దింపి యుద్ధం పెట్టేవారు. ఈయన మెట్లు చూపిస్తాడు. ఆ మెట్లని బట్టి కట్టినవాళ్ళ కాళ్ళెలాంటివో, బుద్ధి ఎలాంటిదో మనల్నే ఊహించుకోమంటాడు. చివరికి ఓడ సూర్యుడి దగ్గర తనకి కావలసిన శక్తి తీసుకుని తన దారిన పోతుంది. మనవైపు చూడను కూడా చూడదు.

ఇక మాటల గొడవ. మొదట పేరే ఇబ్బంది పెట్టింది. "రామ వచ్చింది" అంటే మా అమ్మాయి "రమా?" అంది. "రాముడు వచ్చాడు" అంటే అది ఓడలా ఉండదు. చివరికి "రామా ఓడ" అని సర్దుకున్నాను. దాన్ని కట్టినవాళ్ళని ఏమనాలి? రాములు అందామంటే మన వైపు వీధికొక రాములు ఉంటాడు. "రాములు ఎంత పెద్ద మెట్లు కట్టాడో" అంటే తాపీమేస్త్రీ గుర్తొస్తాడు. రామీయులు అంటే పాఠ్యపుస్తకం వాసన. బొబ్బిలివాళ్ళు, పలాసవాళ్ళు అన్నట్టు "రామావాళ్ళు" అన్నాను, అమ్మాయి ఒప్పుకుంది.

చివరి వాక్యం సంగతికొస్తే, భూమ్మీద పెరేరా అనే శాస్త్రవేత్తకి నిద్రలో ఒక మాట తట్టి మెలకువొస్తుంది. (పెరేరా అనేది శ్రీలంకలో బాగా వినబడే ఇంటిపేరు. క్లార్క్ 1956 నుంచి 2008లో పోయేదాకా అక్కడే ఉన్నాడు.) రామావాళ్ళకి అన్నీ మూడు చొప్పున చేయడం అలవాటని ఆ మాటకి అర్థం. లోపలికి దిగే మెట్ల వరసలు మూడు. దాటాల్సిన తలుపులు మూడు. తిరిగే మరజీవుల్లో ఒకరకానికి కాళ్ళు మూడు. పుస్తకమంతా మన కళ్ళెదుటే ఉన్న అంకె అది. ఆ మాట వినగానే చదివేవాడికి ఓడ గుర్తుకు రావాలి.

"రామావాళ్ళు ఏదైనా మూడేసి చేస్తారు" అనుకున్నాను. ఇది సరేనా?

*

నరసన్నపేట నుంచి ఒక మాస్టారు:
అమ్మా, 'ఏసి' చేరిందంటే పంపకం ఉండాలి. పెళ్ళి పంక్తిలో "తలా రెండేసి బూరెలు వెయ్యండి" అంటాం. మీ వాక్యం వింటే రామావాడు ఒక్కొక్కడూ మూడు ఓడలు చేసినట్టుంది. "మూడు మూడుగా" అనండి.

విశాఖలో ఉంటున్న శ్రీకాకుళం ఆయన:
"ముమ్మారు చేస్తారు" అంటే పోలేదా? రెండు ముక్కల్లో తేలిపోతుంది.

నా జవాబు:
ముమ్మారు అంటే గుట్టు రట్టయిపోతుంది బాబూ. ఓడ మూడుసార్లు వస్తుందని మనమే చెప్పేసినట్టు. క్లార్క్ ఆ మాట అనలేదు. మాస్టారూ, పంపకం మాట నిజమే. కానీ "ఇంతేసి కళ్ళు చేసుకుని చూశాడు" అంటాం కదా, అక్కడ ఎవరికి పంచుతున్నాం? ఒక్కో కన్ను ఇంత అని. అలాగే ఇక్కడ మెట్ల వరసలు మూడు, తలుపులు మూడు, ఒక్కో రకానికీ మూడు. "మూడు మూడుగా" అంటే నాకు పిల్లల్ని వరసలో నిలబెట్టినట్టుంది.

టెక్కలి నుంచి ఒకావిడ:
అప్పా, ఇంకో చిక్కుంది. మన యాసలో 'వేసి' కాస్తా 'ఏసి' అవుతుంది. "ఇడ్లీలు మూడేసి ఎల్లిపోనాడు" అంటే మూడు వడ్డించి పోయాడనే కదా. పైగా మా మామ్మ ఉండుంటే మూడు అన్న మాట వినగానే "ఎవుడికి మూడిందిరా" అనేది.

నా జవాబు:
మూడిందన్న ధ్వని ఉంటే ఉండనీ! అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచినవాడి మాట కదా, కాస్త దడ ఉంటే మంచిదే.

నరసన్నపేట మాస్టారు మళ్ళీ:
'ఇంతేసి కళ్ళు' దగ్గర నన్ను పట్టేశారు. "ఏదైనా" తీసేసి "ఏది చేసినా" అని మార్చండి. అప్పుడు పంపకం మనుషుల మీద నుంచి వస్తువుల మీదికి పోతుంది. ఒక చిన్న మాట కూడా. మా కళ్ళంలో కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు, "లాభం" అంటారు. ఏడు అనరు, "ఆరున్నొకటి" అంటారు, ఏడుపు మాట రాకూడదని. ఏ రామావాడో చాటున నిలబడి ఆ లెక్క వింటే మనల్ని గురించి ఏమనుకుంటాడో. ఆ పుస్తకం నేను చదవలేదు, ఉంటే పంపండి.

నా జవాబు:
రాత్రి డాబా మీద మీరు చెప్పినట్టే చెప్పాను మాస్టారూ. "రామావాళ్ళు ఏది చేసినా మూడేసి చేస్తారు." అమ్మాయి లేచి కూర్చుని వేళ్ళు లెక్కపెట్టుకుంది. "అయితే ఇంకా రెండొస్తాయా" అంటుందని నవ్వు ఆపుకుంటూ ఎదురుచూస్తున్నాను.

"అమ్మా, మరి ఇదే మొదటిదని ఎలా తెలుసు?" అంది.

పుస్తకం సోమవారం పోస్టులో వేస్తాను. అట్ట కాస్త చిరిగింది, ఏమనుకోకండి.