ప్రతి రాత్రీ మంచి విషయాలు రాసుకుంటున్నా మనసు కదలడం లేదు: ఏం చేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాకు చెప్పుకోదగిన కష్టాలేమీ లేవు. ఆరోగ్యం బాగుంది, చేసుకోవడానికి పని ఉంది, ఇంట్లో నా మంచిచెడ్డలు పట్టించుకునేవారు ఉన్నారు. అయినా రోజు ముగిసేసరికి మనసులో మిగిలేది ఆ రోజు పూర్తికాని పనులు, ఎవరో అన్న ఒక మాట, రేపటి ఆందోళన మాత్రమే. దీన్ని సరిచేసుకుందామని కొంతకాలంగా ప్రతి రాత్రీ మూడు మంచి విషయాలు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. మొదట్లో మనసు నిజంగానే తేలికపడింది. రానురాను "ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం" అన్న ఆ మూడు మాటలే హాజరుపట్టీలో సంతకంలా పడిపోతున్నాయి, రాస్తున్నప్పుడు లోపల ఏ స్పందనా ఉండడం లేదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. "నీకంటే కింద ఉన్నవాళ్లను చూసి తృప్తిపడు" అని పెద్దలు చెబుతుంటారు. ఇంకొకరి లేమిని కొలబద్దగా పెట్టుకుని నా సుఖాన్ని కొలుచుకోవడం నాకు న్యాయంగా తోచడం లేదు. ఎవరితోనూ పోల్చుకోకుండా, రోజువారీ జీవితంలోని మామూలు విషయాల పట్ల కృతజ్ఞతను మనసుకు తాకేలా నిలుపుకోవడం ఎలాగో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరా?

మొదటి జవాబు

నేను మనస్తత్వశాస్త్రం బోధిస్తాను. మీకు ఎదురైనదాన్ని మీ లోపంగా భావించకండి. ఎంత మంచి మార్పు వచ్చినా కొంతకాలానికి దానికి అలవాటుపడి, దాన్ని లెక్కలోంచి తీసివేయడం మనసుకు సహజం. ఫిలిప్ బ్రిక్‌మన్, డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1971లోనే ఈ గుణాన్ని వివరించారు. 1978లో బ్రిక్‌మన్ తన సహచరులతో కలిసి లాటరీ గెలిచినవారిని పరిశీలించినప్పుడు, వారు మిగతావారికంటే చెప్పుకోదగినంత సంతోషంగా ఏమీ లేరని, పైగా రోజువారీ చిన్న పనుల్లో వారికి దొరికే ఆనందం తక్కువగా ఉందని తేలింది. అంతటి సంపదే అలవాటైపోగా, ప్రతి రాత్రీ రాసే మూడు మాటలు అలవాటైపోవడంలో వింతేముంది?

మీరు చేస్తున్న అభ్యాసాన్ని మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో పరీక్షించింది. అయితే అందులో మంచి విషయాలతో పాటు, ఒక్కొక్కటి ఎందువల్ల జరిగిందో కూడా రాయాలి. చాలామంది వదిలేసే భాగం ఇదే, నా దృష్టిలో ప్రాణం ఉన్నది కూడా ఇందులోనే. "కుటుంబం" అని రాస్తే కారణం రాయడానికి చోటే ఉండదు. "నేను అలసి వచ్చానని గమనించి, అడగకుండానే నా వంతు ఇంటిపని తను చేసింది" అని రాస్తే, ఎందుకు గమనించింది, తన అలసటను ఎలా పక్కన పెట్టింది అన్న ఆలోచన దానంతటదే వెంట వస్తుంది. రోజూ రాయవలసిన అవసరం కూడా లేదు. సోనియా ల్యుబోమిర్‌స్కీ పరిశీలనలో వారానికి ఒకసారి రాసినవారికి మేలు కనిపించింది, మూడుసార్లు రాసినవారికి కనిపించలేదు.

పోలిక గురించి మీ అభ్యంతరం నాకు నచ్చింది. దానికీ ఒక దారి ఉంది. 2008లో మింక్యుంగ్ కూ తదితరులు కొందరిని తమ జీవిత భాగస్వామి తమకు ఎలా పరిచయమయ్యారో రాయమన్నారు. మరికొందరిని ఆ పరిచయమే జరగకుండా పోయే అవకాశం ఎలా ఉండేదో రాయమన్నారు. సంతృప్తి ఎక్కువగా కనిపించింది రెండో వర్గంలోనే. అంటే పోల్చవలసింది పొరుగువారి బతుకుతో కాదు, ఆ ఒక్క మంచి జరగకపోతే మీ బతుకే ఎలా ఉండేదో దానితో.

రెండో జవాబు

పక్షవాతం వచ్చినవారికి మింగడం, మాట్లాడడం మళ్లీ నేర్పే వృత్తి నాది. ఒక గుక్క నీళ్లు గొంతు దిగడానికి సుమారు 30 కండరాలు వరుస తప్పకుండా పనిచేయాలి, మెదడు నుంచి వచ్చే ఐదు జతల నరాలు వాటిని నడపాలి. ఆ క్షణంలో ఊపిరి ఆగాలి, స్వరపేటిక పైకి లేచి మూసుకోవాలి, లేదంటే నీళ్లు ఊపిరితిత్తుల దారి పడతాయి. ఆరోగ్యంగా ఉన్నవారి గొంతులో ఇదంతా సుమారు ఒక్క సెకనులో, వారికి తెలియకుండానే ముగిసిపోతుంది. ఆ వరుస చెదిరినవారికి మేము నీటిని చిక్కగా చేసి ఇస్తాం, గడ్డం కిందికి వంచి మింగమంటాం, ఒక్కో గుక్కకూ ఆగి గొంతు సరిచేసుకోమంటాం. వారాల తరబడి అలా సాధన చేసినవారు మామూలు నీళ్లు మొదటిసారి దగ్గు లేకుండా తాగినప్పుడు వారి ముఖాల్లో కనిపించే వెలుగును నేను మరే సందర్భంలోనూ చూడలేదు.

ఇదంతా చూస్తున్నప్పుడు నాకు కలిగేది "నాకు ఆ స్థితి రాలేదు" అన్న ఊరట కాదు. నా గొంతులోనూ ఇంత పని జరుగుతోందా అన్న ఆశ్చర్యం. అందుకే నా సలహా ఏమిటంటే, మూడు విషయాలు వెతకకుండా ఒక్కదాన్నే తీసుకుని అది ఎలా జరుగుతోందో తెలుసుకోండి. మెట్లు ఎక్కడం, ఒక పరిచిత ముఖాన్ని గుంపులో గుర్తుపట్టడం, నిద్రపట్టడం, ఏదైనా సరే. తెలిసినకొద్దీ అది మామూలు విషయంగా ఉండడం మానేస్తుంది.

మూడో జవాబు

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తూ రెండు మాటలు చేరుస్తాను. మనకు దక్కిన మేళ్లలో పెద్ద భాగం కంటికి కనిపించదు, ఎందుకంటే అవి జరగకుండా ఆగిన కీడులు. మశూచి 20వ శతాబ్దంలోనే సుమారు 30 కోట్ల మందిని బలితీసుకుంది. సహజంగా సోకిన చివరి కేసు 1977లో సొమాలియాలో నమోదైంది, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి నిర్మూలన పూర్తయిందని ప్రకటించింది. టీకాలు పట్టుకుని ఊరూరూ తిరిగిన వేలాది మంది పేర్లు మనకు తెలియవు. ఈరోజు మశూచి మచ్చలు లేని ప్రతి పసిపిల్ల ముఖం వారి శ్రమ ఫలితమే.

ఇక రెండోది. కృతజ్ఞత పేరుతో ఎవరి నోరూ మూయించకూడదు, మీ నోరు కూడా. జీతం అందని మనిషికీ, ఆప్తులను పోగొట్టుకున్న మనిషికీ "ఉన్నదానికి సంతోషించు" అని చెప్పడం క్రూరత్వమే. బాగాలేని రోజును బాగాలేదనే రాసుకోండి. ఆ రోజు మీ పక్కన ఎవరైనా నిలబడి ఉంటే వారి సంగతి దాని కిందే రాయండి. ఒకటి నిజమైనందువల్ల రెండోది అబద్ధం కాదు.

ప్రశ్న అడిగినవారు

ఇంత శ్రద్ధగా రాసినందుకు ముగ్గురికీ నమస్కారాలు. కారణం కూడా రాయాలన్న సూచన చదివి, నిన్నటి రోజుకు సంబంధించి ఒక్క విషయమే రాశాను, పేజీ నిండింది. అయితే రాస్తూ పోతే ప్రతి కారణం వెనుకా ఎవరో ఒకరు కనిపిస్తున్నారు, ముఖ్యంగా ఇంట్లోవాళ్లు. ఈ మాటలు వారికి చెప్పాలని ఉంది. ఇన్నేళ్ల తర్వాత ఉన్నట్టుండి చెబితే కృతకంగా ఉంటుందేమోనని సంకోచంగానూ ఉంది.

మొదటి జవాబు ఇచ్చినవారు

ఆ సంకోచం చాలామందికి ఉండేదే. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ కొందరి చేత కృతజ్ఞతా లేఖలు రాయించి, అవి అందుకున్నవారికి ఎలా అనిపించిందో విడిగా అడిగారు. రాసినవారు ఊహించినదానికంటే అందుకున్నవారు ఎక్కువ సంతోషించారు, ఊహించినంత ఇబ్బందీ పడలేదు. మాటలు సరిగ్గా కుదురుతాయా అని రాసినవారు మథనపడ్డారు. చదివినవారు చూసింది అందులోని ఆప్యాయతను. మీరు రాసిన ఆ పేజీలో ఎవరి గురించి రాశారో వారికే దాన్ని చదవడానికి ఇవ్వండి. కొత్తగా ఒక్క వాక్యం కూడా చేర్చనక్కర్లేదు.