బార్బికన్ గోడల గరుకు: షట్టరింగా, చెక్కుడు పనా?

మెట్లబావి:
బ్రూటలిజం అనే భవన శైలి అంటే షట్టరింగ్ (కాంక్రీటు పోసే పలకల అచ్చు) విప్పాక కాంక్రీటు ఎలా వస్తే అలా వదిలేయడం అనే చదువుకున్నాం. మరి లండన్ బార్బికన్ ఎస్టేట్‌ను దగ్గర్నుంచి తీసిన ఫొటోల్లో పలకల గీతలు కనపడవు. గోడంతా గుంటలు గుంటలుగా, కంకర తేలి ఉంది. అది ఏ షట్టరింగ్‌తో వస్తుంది? ఇంకో సందేహం: ఇళ్లు, థియేటర్, బడి, కింద రైలు, అన్నీ ఒకే చోట ఇరికించినప్పుడు చప్పుడు, లీకేజీ సంగతి ఏం చేశారు? హైదరాబాద్‌లో ఒక కాంపౌండ్ గోడకు ఆ ఫినిష్ అడుగుతున్నారు, జాగ్రత్తలు కూడా చెప్పండి.

గచ్చుపని:
షట్టరింగ్‌తో రాదండీ. పోత పోసి, విప్పి, కనీసం 21 రోజులు ఆరనిచ్చాక మనుషులు చేత్తో పట్టుకునే పిక్ హామర్లతో (మొన ఉన్న సుత్తి), బుష్ హామర్లతో (ముఖం నిండా పళ్లున్న సుత్తి) పైపొరను కొట్టేశారు. సగటున అర అంగుళం లోతు, ఎక్కడా అంగుళం దాటకూడదు. లోపలున్న గ్రానైట్ కంకర అలా బయటపడింది. 123 మీటర్ల టవర్లు మూడు, వాటి చుట్టూ పొడవాటి బ్లాకులు, మొత్తం రెండు వేల పైచిలుకు ఫ్లాట్లు. ఆ గోడల వైశాల్యం తలుచుకుంటే చేతులు నొప్పి పుడతాయి.

21 రోజులు ఆగడానికి కారణం ఉంది. కాంక్రీటు పచ్చిగా ఉండగా కొడితే రాయి పగలదు, సిమెంటు గుజ్జులోంచి ఊడి వచ్చేస్తుంది, బొరియ మిగులుతుంది. గుజ్జు రాయిని గట్టిగా పట్టుకున్నాకే రాయి ముఖం పగిలి మెరుపు కనిపిస్తుంది.

కాబట్టి బార్బికన్‌ను ‘పచ్చి కాంక్రీటు’ (అచ్చు విప్పింది విప్పినట్టే వదిలేసినది) అనడం నా లెక్కన తప్పు. మీరు చెప్పే పలకల గీతలు చూడాలంటే అదే లండన్‌లో 1976లో తెరిచిన నేషనల్ థియేటర్ చూడండి. బార్బికన్ మాత్రం శిల్పి పనికి దగ్గర.

జాయింటు:
చప్పుడు, లీకేజీ సంగతి నేను చెబుతాను. ముందు కాస్త నేపథ్యం. 1940 డిసెంబరు 29 రాత్రి బాంబులకు, ఇప్పుడు బార్బికన్ ఉన్న క్రిపుల్‌గేట్ వార్డు నేలమట్టమైంది. 1951 నాటికి ఆ వార్డులో కాపురం ఉన్నది 48 మంది. ‘సిటీ’ అని పిలిచే ఆ లండన్ నడిబొడ్డు వ్యాపార ప్రాంతంలో మళ్లీ జనం ఉండాలన్నదే ఈ కట్టడం లక్ష్యం. పక్కనే గోల్డెన్ లేన్ ఎస్టేట్ కట్టిన ఛాంబర్లిన్, పావెల్ అండ్ బాన్ అనే ఆర్కిటెక్టుల సంస్థకే దీన్నీ అప్పగించారు. ఇళ్ల నిర్మాణం 1965 నుంచి 1976 దాకా సాగింది. ఆర్ట్స్ సెంటర్ 1982లో గానీ తెరుచుకోలేదు.

రైలు విషయంలో, నేటి బార్బికన్ స్టేషన్ నుంచి మూర్‌గేట్ దాకా భూగర్భ లైనునే జరిపి తిన్నగా చేశారు, అదురు పైకి రాకుండా పట్టాల కింద రబ్బరు బేరింగులు పెట్టారు. థియేటర్, కచేరీ హాలు చాలామటుకు నేల కిందే. కానీ తెరలు, సెట్లు పైకి లాగే ఫ్లై టవర్ ఎత్తుగా ఉండక తప్పదు. ఆ కాంక్రీటు డబ్బా ఇళ్ల మధ్య వికారంగా నిలబడకుండా దాని చుట్టూ అద్దాల తోట కట్టేశారు. నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే తెలివైన పని అదే.

ఇక లీకేజీ. వీధికి ఓ అంతస్తు ఎత్తున జనం నడిచే పోడియం ఉంది. అంటే అది కింది గదులకు కప్పు, పైన చెట్లు, మట్టి, నీళ్లు. ఏ వాటర్‌ప్రూఫింగ్ పొరైనా శాశ్వతం కాదు, వేర్లు, జాయింట్ల కదలిక దాన్ని చీలుస్తాయి. నీరు ఒకచోట దిగి, స్లాబు వాలు వెంట పాకి, ఇంకెక్కడో చుక్క వేస్తుంది. అందుకే మరక మీద అతుకు వేస్తే ఆగదు. ఆ పోడియం మీదే ఉన్న బీచ్ గార్డెన్స్ అనే తోట దగ్గర పాత పచ్చికలు, పొదలు, చెట్లు మొత్తం ఎత్తేసి పొర కొత్తగా వేశారు. తర్వాత తోటల డిజైనర్ నైజెల్ డనెట్ డిజైన్‌తో, పెద్దగా నీళ్లు పెట్టక్కర్లేని మొక్కలు నాటారు. స్లాబు మీద తోట అడిగే క్లయింటుకు ముందు ఇది చూపించండి.

కవర్‌బ్లాక్:
కాంపౌండ్ గోడకు అసలు ప్రమాదం కవర్ (రాడ్డు నుంచి గోడ ముఖం దాకా ఉండే కాంక్రీటు మందం) దగ్గర. కొట్టిన మందమంతా రాడ్ల మీది కవర్‌లోంచే పోతుంది. ఐఎస్ 456 (మన దేశపు కాంక్రీటు ప్రమాణం) ప్రకారం మోడరేట్ ఎక్స్‌పోజర్‌కు, అంటే ఎండావానలకు ఓ మోస్తరుగా గురయ్యే చోటికి, 30 మి.మీ. కవర్, ఎం25 గ్రేడు కాంక్రీటు. చెక్కుడుకు 15 కలిపి 45 మి.మీ. కవర్ బ్లాకులు (రాడ్డును అచ్చుకు దూరంగా నిలిపే దిమ్మలు) పెట్టండి. ఇది మరిచి 25తో పోసేస్తే లోతు ఎక్కువైన చోట రాడ్డుకు పది మి.మీ. కూడా మిగలదు, తుప్పు ఉబ్బి పెచ్చులు లేస్తాయి.

కంకర 20 మి.మీ. గ్రానైటే కాబట్టి హైదరాబాద్‌లో వెతుకులాట లేదు. కాకపోతే గోడ మొత్తానికీ కంకర ఒకే క్వారీది, సిమెంటు ఒకే బ్రాండ్‌ది ఉండాలి, మధ్యలో మారితే రంగు పట్టీలు పడతాయి. వైబ్రేటర్ సరిగ్గా తిప్పకపోతే వచ్చే హనీకోంబింగ్ (కాంక్రీటులో తేనెపట్టులాంటి బొరియలు) ఇక్కడ దాగదు, సుత్తి పడగానే నోరు తెరుస్తుంది. మూలల్లో 40, 50 మి.మీ. పట్టీ కొట్టకుండా వదిలేయండి, లేదంటే అంచు విరిగిపోతుంది. ముందుగా మీటరు చదరం నమూనా పలక పోసి, కొట్టి, సంతకం పెట్టించుకోండి. కొట్టేవాళ్లకు సరైన మాస్కు ఉండాలి, దుమ్ము లేవకుండా గోడకు తడి ఉండాలి. గ్రానైట్ దుమ్ములో సిలికా ఊపిరితిత్తులను తినేస్తుంది. చేతులకు అదురు తగ్గడానికి మనుషుల్ని మార్చి మార్చి పెట్టండి.

మెట్లబావి:
చాలా థాంక్సండీ. తర్వాత ఎక్కడైనా పెచ్చు ఊడితే అతుకు కలుస్తుందా?

గచ్చుపని:
రెడీమేడ్ మోర్టార్ పూస్తే బూడిద రంగు బిళ్లలా కనపడుతుంది. అదే కంకర, అదే ఇసుకతో పోసి, అది కూడా 21 రోజులు ఆగి, మళ్లీ కొట్టాల్సిందే. అతుకు అంచులు గ్రైండర్‌తో నిటారుగా కోస్తారు కదా, ఆ గీత దాటి పాత గోడలోకి రెండు మూడు అంగుళాలు సుత్తి పోనివ్వండి, లేకపోతే ఫొటో ఫ్రేము కట్టినట్టుంటుంది. బార్బికన్ 2001 నుంచి గ్రేడ్ 2 రక్షిత కట్టడం కాబట్టి, అక్కడ రూపం మారిపోయే పనికి అనుమతి కావాలి. మీ గోడకు ఆ బాధ లేదు గానీ, ఆ క్వారీ కంకర రెండు బస్తాలు దాచి ఉంచండి.