పోటు, సలుపు, తీపు: ఓపీలోకి వెళ్ళగానే ఇవన్నీ ఏమవుతున్నాయి?

ముట్టు రోజుల్లో, ఎండోమెట్రియోసిస్ అనే జబ్బులో వచ్చే పొత్తికడుపు, నడుము నొప్పులకు మన తెలుగు మాటలు పోగేద్దామని ఈ పోస్టు. ఇంట్లో "నడుం పీకేస్తోంది", "తొడలు లాగుతున్నాయి", "మెలిపెడుతోంది" అనే మనిషి డాక్టరు ముందు కూర్చోగానే "పీరియడ్స్‌లో పెయిన్ మేడమ్" అని ఊరుకుంటుంది. నొప్పి పదికి ఎంత అని అడుగుతారు. ఏడు అంటుంది. ఏడంటే పోటా, సలుపా?

1975లో కెనడా మనస్తత్వవేత్త రొనాల్డ్ మెల్జాక్ ప్రచురించిన, నొప్పిని అంచనా వేసే మెక్‌గిల్ ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించే మాటలు 78 ఉన్నాయి, 20 గుంపులుగా. మనకూ తక్కువేం లేవు. పోటు పొడిచి వదిలేస్తుంది. సలుపు పుండులా కొట్టుకుంటూ ఉంటుంది. తీపు ఎప్పుడు మొదలైందో తెలియదు, లాగుతూనే ఉంటుంది. ఎండోమెట్రియోసిస్‌లో గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట పెరుగుతుంది. స్కానింగ్ నార్మల్ అని వచ్చినా జబ్బు ఉండొచ్చు. అలాంటప్పుడు ఆమె చెప్పే మాటకు ఎంత విలువో చూడండి. జబ్బు పేరు తేలడానికే చాలామందికి ఏళ్ళు పడుతోంది.

కింద వచ్చిన కామెంట్లు:

— మా కరీంనగర్ వైపు "నడుం గుంజుతున్నది" అంటరు. ఇంకో తిరకాసు: "నొప్పులు" అని బహువచనంలో అంటే కాన్పు నొప్పులే. పెళ్ళికాని పిల్ల ఆ మాట అనలేదు. "కడుపునొప్పి" అంటే ఏం తిన్నవని అడుగుతరు, గ్యాస్ మాత్ర ఇస్తరు!

— ఉన్న మాటల సంగతి సరే, నోరు రాని చోట్లు చెప్పండి. ముట్టు రోజుల్లో దొడ్డికి వెళ్తే ప్రాణం పోతుంది. భర్తతో కలిసినప్పుడు నొప్పి. రెండూ ఈ జబ్బులో కనిపించే లక్షణాలే. పక్కన అత్తగారు కూర్చుంటే ఏ కోడలు చెబుతుంది? "సంభోగ సమయంలో బాధ" అని పుస్తకాల్లో ఉంటుంది, అలా ఎవరూ మాట్లాడరు. "ఆయన దగ్గరికొస్తే నొప్పి" అంటే డాక్టరుకు అర్థమవుతుంది, కానీ ఒంటరిగా ఉంటేనే ఆ మాట బయటికొస్తుంది.

— అందుకే మా చెల్లికి కాగితం రాసిచ్చాను. పెయిన్ అని ఎక్కడా రాయలేదు. "ముట్టుకు నాలుగు రోజుల ముందే నడుం తీపు మొదలు. రెండో రోజు కుడిపక్క పోటు, నిలబడి అన్నం వార్చలేను. దొడ్డికి వెళ్తే లోపల చీరినట్టు." డాక్టరు గారు చదివి, మొదటిసారి తిరిగి ప్రశ్నలు వేశారట.

— ఆ "చీరినట్టు" జాబితాలో చేర్చండి. "జివ్వుమనడం" కూడా. గోదావరి జిల్లాల వాళ్ళు ఇంకేమంటారు?