ధర పోస్టులోనే రాయాలా, 'ఇన్‌బాక్స్‌లో అడగండి' అనాలా? మా ఇంట్లో రోజూ ఇదే గొడవ

బైరాగిపట్టెడ_అక్క

తిరుపతి బైరాగిపట్టెడలో ఇంట్లోంచే చిన్న ఆన్‌లైన్ దుకాణం నడుపుతున్నాను. కలంకారీ దుపట్టాలు, చీరలు, గోడకి తగిలించే పటాలు. గీసేది కాళహస్తిలో మా వదిన, ఆమె దగ్గర ఇంకో ఇద్దరు. ఫోటోలు, ప్యాకింగ్, కొరియర్ ఆఫీసు చుట్టూ తిరగడం, మెసేజ్‌లకి జవాబులు నా వంతు. ఇన్‌స్టాగ్రామ్‌లో నాలుగు వేల చిల్లర ఫాలోవర్లు. వాట్సాప్‌లో పాత కస్టమర్లు ఓ రెండొందల మంది.

మొదటినుంచీ నేను ధర రాయను. 'ధర కోసం ఇన్‌బాక్స్' అని పెడతాను. పేజీ తెరిచిన కొత్తలో ఒకరు నేర్పిన పాఠం ఇది. ధర రాయకపోతే అడుగుతారు, అడిగితే కామెంట్లు పెరుగుతాయి, కామెంట్లుంటే పోస్టు పదిమందికీ వెళ్తుంది అన్నారు. కామెంట్లు వస్తున్న మాట నిజమే. పోయిన నెల పారిజాతం తీగ గీసిన పట్టు దుపట్టా పెడితే 63 వచ్చాయి. 'పీపీ' (అంటే 'ప్రైస్ ప్లీజ్'), 'రేటెంత మా'. ఒకాయన ఉత్త ప్రశ్నార్థకం పెట్టి వెళ్ళిపోయాడు. అందరికీ విడివిడిగా మెసేజ్ పెట్టేసరికి రాత్రి పదకొండున్నర. 3,800 అని చెప్పగానే సగానికి పైగా చూసి ఊరుకున్నారు. కొందరు 'ఓకే' అన్నారు. ఆ ఓకేకి అర్థమేంటో అమ్మేవాళ్ళందరికీ తెలుసు. ఒకామె 'లాస్ట్ ఎంత' అంది. చివరికి ఆ దుపట్టా కొన్నది ఒక్క కామెంటూ పెట్టని మనిషి, వాట్సాప్ స్టేటస్‌లో చూసి.

మా తమ్ముడు 'చల్లకొచ్చి ముంత దాస్తావెందుకక్కా, రాసెయ్' అంటాడు. వదిన ఒప్పుకోదు. 'అంకె చూసినోళ్ళు బొమ్మ చూడరు' అంటుంది. ఇద్దరి మాటా సబబుగానే ఉంది, అదే నా టెన్షన్. సొంతంగా ఏదైనా అమ్ముతున్నవాళ్ళు చెప్పండి.

తాండ్ర_చిత్తూరు

రాసెయ్యండక్కా, ఇంకో ఆలోచన వద్దు. మాది చిత్తూరు. ఇంట్లో చేసే మామిడి తాండ్ర, ఊరగాయలు. నాకైతే దాచే వీలే లేదు. ప్యాకెట్ సరుకు ఆన్‌లైన్‌లో అమ్మితే ఎంఆర్‌పీ, తూకం అక్కడే చూపించాలని 2018 జనవరి నుంచి రూలు ఉంది. తెలియక నేనూ కొన్నాళ్ళు 'ఇన్‌బాక్స్' అనే నడిపాను.

ధర పెట్టిన వారం కామెంట్లు ఢమాల్‌మని పడిపోయాయి. మా ఆవిడ పేజీకి ఏదో అయిందనుకుంది. కానీ ఇన్‌బాక్స్‌లో అడిగే మాట మారింది. ఇదివరకు 'ఎంత?' అని వచ్చేవి. ఇప్పుడు 'బెంగళూరుకి ఎన్ని రోజులు?', 'చక్కెర కలుపుతారా?', 'అరకిలో ఉందా?' అని వస్తున్నాయి. అలా అడిగేవాడు డబ్బు తీసి చేతిలో పట్టుకుని అడుగుతున్నట్టే.

ఎయిర్‌బైపాస్_డిజిటల్

నేను చిన్న దుకాణాలకి సోషల్ మీడియా పని చేస్తాను. అన్నా, మీ తాండ్ర పావుకిలో ఎంతుంటుంది? ఆ ధరకి ఎవరూ జడుసుకోరు. 3,800 దుపట్టా అలా కాదు. మొదటి లైన్లోనే అంకె కనిపిస్తే వేలు ఆగదు, పైకి తోసేస్తారు. ఇన్‌బాక్స్‌కి వచ్చిన మనిషితో మాట కలుస్తుంది. ఇది వద్దంటే 1,500లో ఇంకోటి చూపించొచ్చు, దసరాకి మళ్ళీ పలకరించొచ్చు. ధర చూసి చెప్పకుండా పోయినవాళ్ళు ఎవరో మీకు ఎప్పటికీ తెలీదు.

అక్కకి ఉన్న అసలు కష్టం రాత్రి పదకొండున్నర దాకా జవాబులు రాయడం. దానికి ఆటోమేటిక్ టూల్స్ ఉన్నాయి. కామెంట్‌లో 'ధర' అని రాస్తే వివరాలు దానంతటదే ఇన్‌బాక్స్‌కి వెళ్ళిపోతాయి.

బైరాగిపట్టెడ_అక్క

ఆ టూల్ నెల రోజులు వాడాను తమ్ముడూ. 'ధర' అన్న మాట సెట్ చేశాను. మనవాళ్ళు 'ధర' తప్ప అన్నీ రాస్తారు. 'రేటు', 'రేట్', 'ఎంతండి', 'పీపీ', 'హౌ మచ్'. అన్నీ కలిపి పెట్టాక, 'మీ వర్క్ రేటు కట్టలేం అండి, చాలా బాగుంది' అని మెచ్చుకున్నావిడకి కూడా ధరల పట్టిక వెళ్ళింది. ఆమె పాపం 'సారీ' అని జవాబిచ్చింది.

పుత్తూరు_టీచరమ్మ

నేను అమ్మేదాన్ని కాదు, కొనేదాన్ని. కొనేవాళ్ళ మాట కూడా వినండి.

ధర లేని పోస్టు చూడగానే నాకు కలిగే మొదటి ఆలోచన 'ఇది మనకి కాదు' అని. అడిగాక ఎక్కువని తెలిస్తే వద్దనడానికి మొహమాటం. అందుకే అసలు అడగను. మీరు లెక్కపెడుతున్న 63 మంది అడిగినవాళ్ళు. నాలా అడగనివాళ్ళు ఎందరో మీకూ తెలీదు కదా. డిజిటల్ సార్ చెప్పిన 'చెప్పకుండా పోయినవాళ్ళు' మా వైపూ ఉన్నారు.

పోయిన శ్రావణానికి ఒక పేజీలో చీర చూసి ధైర్యం చేసి అడిగాను. మూడు గంటల తర్వాత 'హాయ్ డియర్' అని వచ్చింది. తర్వాత వాట్సాప్ నంబరు పంపమన్నారు. పంపితే ఫోన్ చేశారు, నేను క్లాసులో ఉన్నాను. సాయంత్రం నేనే చేస్తే 'బడ్జెట్ ఎంత మేడం' అన్నారు. నేను అడిగింది చీర ధర! నా బడ్జెట్ చెబితే దాన్నిబట్టి ధర చెబుతారా? అక్కడితో వదిలేశాను.

ఎయిర్‌బైపాస్_డిజిటల్

మేడం, ఆ పేజీవాళ్ళది పనితనం లోపం, పద్ధతి లోపం కాదు. గాంధీ రోడ్డులో పట్టుచీరల అంగడికి వెళ్తే మాత్రం? కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ఇరవై చీరలు పరిచాకే కదా రేటు మాట.

పుత్తూరు_టీచరమ్మ

అక్కడ చీర కొంగుకి చీటీ కట్టి ఉంటుంది సార్. అంగడాయన ఇంకో చీర తీయడానికి అటు తిరగ్గానే మేము ఆ చీటీ తిప్పి చూసేస్తాం. మీ పోస్టుకి ఆ చీటీ ఏది?

తాండ్ర_చిత్తూరు

😂 టీచరమ్మా, మా ఆవిడ సేమ్ టు సేమ్.

రేణిగుంట_ప్యాసింజర్

కామెంట్లుంటే రీచ్, అంటే పోస్టు పదిమందికీ వెళ్తుంది అనే మాట దగ్గర ఆగుదాం. 'కామెంట్ పెట్టండి, ట్యాగ్ చేయండి' అని అడుక్కునే పోస్టుల్ని కిందకి నెడతామని ఫేస్‌బుక్ 2017 డిసెంబరులోనే ప్రకటించింది. ఇక ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో ముఖ్యమైనవి మూడని చెప్పాడు. ఎంతసేపు చూశారు, లైకు కొట్టారా, ఇంకొకరికి పంపారా. మనల్ని ఫాలో కానివాళ్ళకి చేరాలంటే ఆ పంపడమే ఎక్కువ పనిచేస్తుందన్నాడు.

ఇప్పుడు నా సంగతి. ధర లేని దుపట్టాని నేను మా చెల్లికి పంపను, పంపితే 'ఎంతంట?' అని నన్నే అడుగుతుంది. ధర ఉంటే 'ఇది చూడవే, 3,800 అంట' అని పంపుతాను. తిట్టుకోవడానికైనా సరే.

ఎయిర్‌బైపాస్_డిజిటల్

ఆ మూడింట్లో లేదంటే కామెంట్ లెక్కలోకే రాదని కాదు బ్రదర్. కానీ 'పీపీ' అనే రెండక్షరాల కామెంటూ, 'ఈ నెమలి పింఛం ఎలా గీశారు' అనే కామెంటూ ఒకటి కాదు. ఆ మేరకు ఒప్పుకుంటాను.

స్వర్ణముఖి_కలం

నేను కాళహస్తిలో కలం పట్టుకునే మనిషిని. మాది ఇప్పుడు తిరుపతి జిల్లా, పార్సిళ్ళ మీద మాత్రం ఇంకా చిత్తూరు జిల్లా అనే వస్తుంది. ఇక్కడ అందరూ అమ్మేవాళ్ళ లెక్కా, కొనేవాళ్ళ లెక్కా మాట్లాడారు. గీసేవాడి లెక్క కూడా వినండి. అక్క వాళ్ళ వదిన మాటలో నాకు తప్పు కనిపించలేదు.

ఫోన్‌లో మా దుపట్టా పక్కనే 600 రూపాయల దుపట్టా కనిపిస్తుంది. దాని మీదా కలంకారీ అనే రాసుంటుంది. అది స్క్రీన్ ప్రింటు. పెడన అచ్చు కలంకారీ సంగతి వేరు, అది చెక్క అచ్చులతో అద్దే పని, దానికి నేను దండం పెడతాను. ఈ స్క్రీన్ ప్రింటుకి అచ్చూ లేదు, కలమూ లేదు. ఫోటోలో మాత్రం రెండూ ఒకటే. 600 పక్కన 3,800 కనిపిస్తే మేమే దోచుకుంటున్నామని అనుకుంటారు.

పని ఎలా ఉంటుందో చెప్తాను. గుడ్డని ముందు కరక్కాయ పొడి కలిపిన గేదె పాలల్లో ముంచి ఆరబెట్టాలి. పాలు పట్టకపోతే సిరా పాకిపోతుంది, గీత నిలవదు. నలుపు కావాలంటే బెల్లమూ, తుప్పు పట్టిన ఇనుమూ నీళ్ళలో వేసి వారాల తరబడి ఊరబెట్టాలి. దాన్ని కసిమి అంటాం. గుడ్డ మీద పెట్టేటప్పుడు లేతగా ఉంటుంది, కరక్కాయ తగిలి నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు పూసి, ఉతికి, రంగులో ఉడకబెట్టాలి. పారే నీళ్ళలో ఉతికితేనే మిగిలిన పటిక పోతుంది. స్వర్ణముఖిలో నీళ్ళు లేని నెలల్లో బోరు దగ్గర, ట్యాంకు దగ్గర మా పాట్లు వేరే. ఇంత చేసినా ఉడికి బయటికొచ్చేదాకా ఆ ఎరుపు ఎలా తేలుతుందో మాకే తెలీదు. ఒకే బొమ్మ రెండుసార్లు గీస్తే రెండు ధరలు పలుకుతాయి.

ఇంకో భయమూ ఉంది. ధర బయట పెడితే ఎగ్జిబిషన్లకి సరుకు తీసుకెళ్ళే దళారి ఆ స్క్రీన్‌షాట్ పట్టుకొచ్చి 'ఆన్‌లైన్‌లోనే ఇంత, నాకు ఇందులో సగానికివ్వు' అంటాడు. నాకు రెండుసార్లు జరిగింది.

అందుకే నేను ధర రాయను. గీసేటప్పుడు వీడియో తీసి పెడతాను, అంతే.

రేణిగుంట_ప్యాసింజర్

మీరిప్పుడు చెప్పిన కరక్కాయ, పాలు, కసిమి మాట ధర పక్కనే రాస్తే 600 వాడితో పోలిక ఎందుకొస్తుంది? ఒట్టి అంకె పెడితేనే కదా ఇబ్బంది. శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ గుర్తింపు, అంటే ఈ పని ఈ ఊరిదేనన్న ప్రభుత్వ ముద్ర ఉన్న సంగతి కూడా సగం పేజీల్లో ఎక్కడా కనపడదు.

స్వర్ణముఖి_కలం

రాస్తే చదివేదెవరు నాయనా? చివరి వరకూ చూస్తే గొప్ప. అయినా మీ మాట కొట్టిపారెయ్యను.

రూల్స్_మామ

వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలని 2020 జూలైలో వచ్చాయి. మొత్తం ధర ఒకే అంకెగా ముందే చూపాలని అందులో ఉంది. ఇక మీకెందుకు చర్చ?

ఎయిర్‌బైపాస్_డిజిటల్

మామా, అవి రాసింది ప్రధానంగా వెబ్‌సైట్లనీ, మార్కెట్‌ప్లేస్‌లలో అమ్మేవాళ్ళనీ దృష్టిలో పెట్టుకుని. ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ఫోటో పెట్టి ఇన్‌బాక్స్‌లో బేరమాడే అక్కకి ఏ మేరకు వర్తిస్తాయన్నది లాయర్లు తేల్చుకోవాల్సిన సంగతి. అక్క రేపు సొంత వెబ్‌సైట్ పెడితే మాత్రం మీ మాటే ఖాయం.

బైరాగిపట్టెడ_అక్క *(మూడు వారాల తర్వాత)*

అందరికీ థాంక్స్. మీ అందరి మాటా కొంచెం కొంచెం విన్నాను, వదినతో కొంచెం గొడవపడ్డాను.

దుపట్టాలకి మొదటి లైన్లోనే ధర రాశాను. దాని కిందే 'ఎనిమిది రోజుల చేతిపని, స్క్రీన్ ప్రింటు కాదు' అని ఒక్క ముక్క. వదిన కసిమి పెడుతుంటే చెయ్యి మాత్రమే కనిపించేలా వీడియో తీశాను, మొహం చూపించడానికి ఆమె ఒప్పుకోలేదు. గీత గుడ్డ మీద నల్లబడే ఆ కొన్ని సెకన్లే వీడియో మొత్తం. దాన్ని ఇంకొకరికి పంపినవాళ్ళు నా పేజీలో ఇదివరకు ఏ పోస్టుకీ లేనంత మంది. కామెంట్లు పదకొండు. దుపట్టాలు నాలుగు పోయాయి, అందులో రెండు కొత్తవాళ్ళకి. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ పక్కన పెట్టి అన్నం తింటున్నాను. ఇది అమ్మకం కిందకి రాదు గానీ మా పిల్లలు చెప్పమన్నారు.

గోడ పటాలకి మాత్రం రాయలేదు. 'కొలత చెబితే ధర చెప్తాం' అన్నాను. దశావతారాల పటం కావాలని ఒకాయన ఇన్‌బాక్స్‌కి వచ్చారు. వాళ్ళ హాల్లో గోడ ఫోటో పంపి, కొలత మార్చి, రంగు మార్చి, అరగంట మాట్లాడాక ఆర్డరిచ్చారు. ఈ మూడు వారాల్లో పెద్ద మొత్తం అదే. డిజిటల్ తమ్ముడి మాట అక్కడ నిలబడింది. దళారి భయం సంగతి ఇంకా తేలలేదు, స్క్రీన్‌షాట్ పట్టుకుని ఎవరూ రాలేదు ఇప్పటిదాకా.

వాట్సాప్ సంగతి ఎవరూ అడగలేదు గానీ చెప్తున్నా. ఒకే మెసేజ్ అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది పడతారు, కానీ నా నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే మెసేజ్ వెళ్తుంది. నా రెండొందల మందిలో సగానికి చేరనే లేదని ఇప్పుడు తెలిసింది. ప్రతి పార్సిల్‌లో 'ఈ నంబరు సేవ్ చేసుకోండి' అని చీటీ పెడుతున్నాను.

ఇంకోటి. ధర మొదటి లైన్లో, ఫోటో మీద, రెండు చోట్లా ఉన్న పోస్టు కింద నిన్న ఒక కామెంట్ వచ్చింది: 'పీపీ'.

పుత్తూరు_టీచరమ్మ

అక్కా, ఆ పారిజాతం దుపట్టా లాంటిది ఇంకోటి ఉందా? ఇక్కడే అడిగేస్తున్నా, ఇన్‌బాక్స్‌కి రాను.

బైరాగిపట్టెడ_అక్క

వదిన మొన్ననే మొదలుపెట్టింది టీచరమ్మా. ధర మాత్రం ఎరుపు ఉడికాక గానీ చెప్పనంటోంది.