‘ఒనేసామా’ని తెలుగులో ఏమందాం?

రుమికో తకహాషి ‘ఇనుయాషా’ మాంగా (జపనీస్ బొమ్మల కథ; 1996–2008, 56 సంపుటాలు) చదివినవాళ్లకి కిక్యో, కయెదె అక్కచెల్లెళ్లు గుర్తుండే ఉంటారు. కయెదె తన అక్కని ‘ఒనేసామా’ అంటుంది. దాన్ని ఉత్త ‘అక్కా’ అని రాస్తే సగం కథ పోతుందని నా వాదన.

‘ఒనే’ అంటే అక్క. ‘సామా’ మన ‘గారు’ కన్నా ఒక మెట్టు పైన. దేవుణ్ణి ‘కమిసామా’ అనేటప్పుడు వచ్చేదీ అదే. జపాన్‌లో గొప్పింటి పిల్లలు మర్యాద కోసం అక్కని అలా పిలవడం ఉంది. కానీ కిక్యో ఒక పల్లెటూరి మికో, అంటే జపాన్ గుళ్లలో దేవుడి సేవలో ఉండే స్త్రీ. దుష్టశక్తుల్ని అణచాలి, షికోన్ మణిని కాపాడాలి, మామూలు ఆడపిల్లలా మనసు బయటపెట్టకూడదు. ఊరు ఆమెని ‘కిక్యోసామా’ అంటుంది. సొంత చెల్లెలి నోటా అదే సామా! ఆ పదవి వాళ్లిద్దరి మధ్యకీ వచ్చి కూర్చుంది.

ఇటు ఈ కథానాయిక, మనకాలపు అమ్మాయి కగొమే సంగతి చూడండి. తోక్యోలో తమ్ముడు సోత ఆమెని ‘నేచన్’ అంటాడు, అచ్చం మన ‘అక్కా, నువ్వు’. ఇంటి దగ్గరి మాయబావి దాటి కిక్యో, కయెదెల పాతకాలంలోకి వెళ్తే సన్యాసి మిరోకు ‘కగొమేసామా’ అంటాడు. చివర్లో మూడేళ్లు మూసుకుపోయిన బావి తెరుచుకున్నాక అమ్మనీ తాతనీ తమ్ముణ్ణీ వదిలి, అటే ఉండిపోయి, కయెదె దగ్గర మికో విద్య నేర్చుకుంటుంది. ‘నేచన్’ అని పిలిచేవాడు ఇక అక్కడ లేడు. అందుకే ఈ రెండు పిలుపుల తేడా తెలుగులో నిలబడాలి.

‘అక్కగారు’ నాకు నచ్చలేదు. ‘మీ అక్కగారు బాగున్నారా?’ అని ఎదుటివాళ్ల అక్క గురించి అడగడానికే అది బాగుంటుంది. ‘అక్కయ్య’లో ముద్దు ఎక్కువ. ‘అక్కా’ని అలాగే ఉంచి క్రియ మారిస్తే సరిపోతుందని నా నమ్మకం: ‘అక్కా, మీరు చెప్పండి.’ అక్కని ‘మీరు’ అనగానే మన చెవికి దూరం తెలిసిపోతుంది. కిక్యో చనిపోయిన 50 ఏళ్లకి ఒక మంత్రగత్తె ఆమె అస్థికలు, సమాధి మట్టితో మళ్లీ రూపం పోస్తుంది. అప్పటికి చెల్లెలు ముసలమ్మ, అక్క ఇంకా పడుచుపిల్ల. మామూలుగా ముసలామె ఆ వయసు పిల్లని ‘ఏమ్మా, నువ్వు’ అంటుంది. ఇక్కడ ‘అక్కా, మీరు’ అంటే చదివేవాళ్లు ఉలిక్కిపడాలి, పడనివ్వాలి.

‘మికో’ని మాత్రం అలాగే ఉంచాలి. ‘పూజారిణి’ అంటే అర్చనే గుర్తొస్తుంది. ‘జోగిని’ మాట అసలు వద్దు. ఆడపిల్లల్ని అలా దేవుడి పేరిట అంకితం చేయడాన్ని ఆపడానికి 1988లో చట్టమే తేవాల్సి వచ్చింది. ఆ బాధని తెచ్చి కిక్యోకి అంటించకూడదు. పూనకం, భవిష్యవాణి అనే పాత అర్థంలో చూస్తే, బోనాల్లో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే స్త్రీ పాతకాలపు మికోకి దగ్గర. కిక్యో చేతిలో విల్లుంది కానీ పూనకం లేదు కాబట్టి అదీ కుదరదు.

మీ ఇళ్లలో, ముఖ్యంగా పెద్దతరంలో, అక్కని ‘మీరు’ అని పిలిచినవాళ్లు ఉన్నారా? ఏ ఊళ్లో, ఎలాంటి సందర్భంలోనో రాయండి.