విశాఖ జిల్లాకు వచ్చే కుటుంబాలు, వెళ్లే ఆదాయం: లెక్క ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: విశాఖపట్నం జిల్లాకు ఏటా ఎన్ని కుటుంబాలు వచ్చి చేరుతున్నాయో, ఎన్ని వెళ్లిపోతున్నాయో, వారితోపాటు ఎంత ఆదాయం తరలుతోందో తెలిపే లెక్క ఏదైనా ఉందా? అమెరికాలో ఆదాయపు పన్ను రిటర్నుల్లోని చిరునామాలను ఏటేటా పోల్చి, కౌంటీల (మన జిల్లాల వంటివి) వారీగా ఇటువంటి లెక్క ప్రకటిస్తారు.

మొదటి జవాబు: మనకు అటువంటి వార్షిక లెక్క లేదండి. జనగణనలో గత నివాసం, వలసకు కారణం అడుగుతారు గాని ఆదాయం అడగరు. 2007-08లో జాతీయ నమూనా సర్వే 64వ విడత ఇంటికి పంపే డబ్బు గురించి కూడా అడిగింది. అయితే ఆ నమూనాను ఒక్క జిల్లాకు దించి చెప్పడం సాహసమే.

రెండో జవాబు: ఇంకో చిక్కు ఉంది. 2011లో సుమారు 42.9 లక్షల జనాభా ఉన్న జిల్లా 2022 ఏప్రిల్ 4న మూడుగా విడిపోయింది. కనుక అనకాపల్లి నుంచి మధురవాడకు ఇల్లు మారిన కుటుంబం పాత లెక్కలో జిల్లా దాటనట్టే, కొత్త లెక్కలో దాటినట్టు.

మూడో జవాబు: చిరునామా మారకుండానే డబ్బు కదులుతుంది. గాజువాకలో మా మేడ మీద అద్దెకున్న తాపీమేస్త్రి గారి రేషన్ కార్డు నేటికీ శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురంలోనే ఉంది. శనివారం కూలి డబ్బు అందగానే, మెట్ల మీదే నిలబడి, ఫోనులో సగం తల్లికి పంపేస్తారు. పన్ను రిటర్ను మాత్రం ఆయన ఎన్నడూ వేసి ఎరుగరు.