సెట్ అయిందా, కుదిరిందా?

"సెట్ అన్న ఇంగ్లీషు మాటకి తెలుగులో ఒక్క మాట చెప్పండి, మా పాప స్కూలు ప్రాజెక్టుకి కావాలి" అని మన గ్రూపులో ఒక అక్క నిన్న రాత్రి అడిగారు. పొద్దున లేచి చూసేసరికి అమరిక, సమితి, జట్టు, ఏర్పాటు, పొందిక, సరంజామా అంటూ మాటలు కుప్పపడి ఉన్నాయి. ఎవరి మాట వాళ్ళకి రైటే. ఇద్దరు పెద్దమనుషులైతే "సమితి" దగ్గర పట్టుబట్టి ఇంకా కొట్లాడుకుంటున్నారు. నేను ఆలస్యంగా వచ్చాను, కాస్త పొడుగ్గానే రాస్తాను. ఆ ఒక్క మాట కూడా చెప్తాను, ఆగండక్కా.

ముందు నిన్న ఒక్క రోజులో నా చెవిన పడ్డ సెట్‌లు. పొద్దున్నే మా బాత్రూమ్ గచ్చు బాగుచేస్తున్న మేస్త్రీ "ఇంక సెట్ గాలే సార్, నీళ్ళు ఇడువకుండ్రి" అన్నాడు. వీధి చివర బండి మీద సెట్ దోశ. ఆటో ఆపి అమీర్‌పేట అంటే "నూరు రూపాలకు సెట్ గాదన్నా". ఆఫీసులో "మూడింటికి మీటింగ్ సెట్ చేశా". భోజనాల దగ్గర పక్క సీటాయన తమ్ముడికి సంబంధం సెట్ అయిందన్న కబురు, స్వీటుతో సహా. సాయంత్రం కోఠిలో పాత పుస్తకాల దగ్గర "ఫుల్ సెట్ తీస్కో సార్, ఇడిగ ఇయ్యం". ఇంటికొస్తే మా ఆవిడ కొత్త కర్టెన్ల కేసి చూస్తూ "గోడ రంగుకి సెట్ కాలేదు కదండీ" అంది. కాలేదు. కొన్నది నేను కాబట్టి అయిందన్నాను.

వీటిలో మేస్త్రీ మాట, మీటింగు, పుస్తకాలు ఇంగ్లీషువాడికి తెలుస్తాయి. ఆటో బేరం, సంబంధం, కర్టెన్లు తెలియవు. ఇది నాకు అనుభవమే. చాలా ఏళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే దేశంలో ఉన్న సహోద్యోగికి "ఆ తేదీ నాకు సెట్ కాదు" అన్నదాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించి మెయిల్ కొట్టాను. ఆయన చాలా మర్యాదగా తిరిగి అడిగాడు, తేదీని ఎవరు సెట్ చేయాలి, మీరా నేనా అని. అరగంట టెన్షన్ పడ్డాక తెలిసింది, అక్కడ వాళ్ళు వాడేది సూట్ అట. అంటే మనం ఇంగ్లీషు మాట వాడుతున్నాం గానీ ఇంగ్లీషు అర్థంలో కాదు.

ఇంగ్లీషులో ఈ మాటకి పొట్ట చాలా పెద్దది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో సెట్ క్రియ ఒక్కదానికే 430 దాకా అర్థాలిచ్చి, ఆ వివరానికి 60,000 మాటలు ఖర్చుపెట్టారు. తర్వాత జరుగుతున్న సవరణలో రన్ అన్న క్రియ 645 అర్థాలతో దాన్ని దాటేసింది, అది వేరే కథ. సూర్యుడు దిగడం సెట్టే, విరిగిన ఎముక సరిచేసి కట్టడం సెట్టే, అలారం పెట్టడం, ప్రశ్నపత్రం తయారుచేయడం, పాటకి బాణీ కట్టడం, ఉంగరంలో రాయి పొదగడం కూడా సెట్టే. మనం వీటిలో చాలావాటిని ముట్టుకోనే లేదు. పొద్దు సెట్ అయిందని ఏ హైదరాబాదీ అనడు, గూకిందనో వాలిందనో అంటాడు. పెరుగు తోడుకుంటుంది, నెయ్యి పేరుకుంటుంది, పాకం ముదురుతుంది. ఇంటింటికీ ఫ్రిజ్ వచ్చి ఇన్నేళ్ళయినా ఈ మూడింటి జోలికి సెట్ రాలేకపోయింది.

సెట్ దోశ ఉంది కదా అంటారేమో. అది వేరే సెట్. నిజానికి ఇంగ్లీషులో ఇవి పుట్టుకతో రెండు మాటలు. క్రియ పాత ఇంగ్లీషుది. కూర్చోవడానికి వాళ్ళ మాట సిట్, దానికి ప్రేరణార్థకం సెట్, అంటే కూర్చోబెట్టడం. రెండోది, గుంపు అనే అర్థమున్న నామవాచకం, ఫ్రెంచి మీదుగా వచ్చింది. దాని మూలం లాటిన్‌లో సెక్తా, ఒకరి వెంట నడిచే జనం. మతశాఖల్ని సెక్ట్ అంటారే, అదీ ఇదీ ఒకటే. రెండూ ఒకే రూపంలోకి వచ్చి కలిసిపోయాయి. కాబట్టి దోశలూ, నెక్లెసూ, టీ కప్పులూ, కోఠిలో ఎంపీసీ పుస్తకాలూ రెండో సెట్టు. సెట్ దోశ అడిగితే ఒక్కటి ఇవ్వరు, రెండో మూడో కలిపే ఇస్తారు.

ఆ మొదటి సెట్టుకి మనింట్లోనే చుట్టాలున్నారు. సిట్‌కీ సంస్కృతంలో సద్ అన్న ధాతువుకీ మూలం ఒకటే. సదనం, సదస్సు, ఉపనిషత్తు, ప్రసాదం, ఆఖరికి విషాదం కూడా ఆ ధాతువు పిల్లలే. దగ్గర కూర్చుంటే ఉపనిషత్తు, కుంగి కూర్చుంటే విషాదం.

ఇక అచ్చతెలుగు సంగతి. 430 అర్థాలున్న మాట మన దగ్గర లేదని ఒక సోదరుడు బాధపడ్డాడు. తమ్ముడూ, పెట్టు అన్న మాట చూడు. దీపం పెట్టు, అన్నం పెట్టు, బొట్టు పెట్టు, పేరు పెట్టు, ముహూర్తం పెట్టు, ఆవకాయ పెట్టు, తాకట్టు పెట్టు, చివాట్లు పెట్టు, వంకలు పెట్టు, ముద్దు పెట్టు, ఒట్టు పెట్టు, కన్నం పెట్టు. కోడి గుడ్డు పెడుతుంది, దొంగ పరుగు పెడతాడు. చేసిపెట్టు, చెప్పిపెట్టు అని వేరే క్రియల తోకకీ తగిలించుకోవచ్చు. "వాడికంటే వీడు వెయ్యి పెట్లు నయం" అన్నప్పుడు అదే కొలత. గొడ్డలిపెట్టులో అదే దెబ్బ. ఎవరైనా ఓపికగా కూర్చుని లెక్క రాస్తే ఇదీ వందల్లోకి పోతుందని నా నమ్మకం. అలారం సెట్ చేయడాన్ని మా అమ్మ ఇప్పటికీ "అలారం పెట్టు" అనే అంటుంది. కూర్చోబెట్టు అన్న మాటలో కూడా ఉన్నది అదే పెట్టు.

అయితే హైదరాబాద్ సెట్‌కి పెట్టు సరిపోదు. సంబంధం పెట్టింది అనం. కుదిరింది అంటాం. ఇప్పుడు పై జాబితాలోకి మళ్ళీ వెళ్ళండి. ఆ రేటుకి కుదరదు. సంబంధం కుదిరింది. మీటింగు మూడింటికి కుదిర్చాను. గోడ రంగుకి కర్టెన్లు కుదరలేదు. ఇంగ్లీషువాడికి అర్థం కాని ప్రతిచోటా కుదురు చక్కగా కూర్చుంటోంది! అంటే మనం సెట్ అన్న చొక్కా వేసి వాడుతున్నది కుదురునే. వ్యాకరణం కూడా కుదురుదే. "నాకు కుదరదు" ఎలాగో "నాకు సెట్ కాదు" అలాగే. చేసేవాడు కనపడడు, ఎవరి తప్పూ ఉండదు, పని మాత్రం జరగదు. చాలా సౌకర్యమైన వాక్యం.

ఇంకొకటి. "నీ తిక్క కుదురుస్తా" అనేవాళ్ళు మన పెద్దలు. ఇప్పుడు మా బస్తీలో "నిన్ను సెట్‌రైట్ చేస్త ఆగు" అంటున్నారు. బెదిరింపు మారలేదు.

అయినా సెట్ పూర్తిగా గెలవలేదు. మనసు కుదుటపడాల్సిందే. పిల్లల్ని "కుదురుగా కూర్చో" అనాల్సిందే, "సెట్‌గా కూర్చో" అంటే వాళ్ళే నవ్వుతారు.

కుదురు అంటే ఒక వస్తువు కూడా. కుండకి అడుగు గుండ్రం, నేల మీద పెడితే దొర్లుతుంది. కింద ఎండుగడ్డితోనో పాత గుడ్డతోనో మెలిపెట్టి చుట్టిన ఒక ఉంగరం లాంటిది వేసి, దాని మీద కుండ పెట్టి, రెండు చేతుల్తో అటూ ఇటూ కొంచెం తిప్పి వదులుతారు. ఇక కదలదు. మా అమ్మమ్మ అలా వదిలాక ఒక్క వేలుతో తోసి చూసేది. ఆ ఉంగరమే కుదురు, చుట్టకుదురు అని కూడా అంటారు. మొక్క చుట్టూ నీళ్ళు నిలవడానికి చేసే పాదూ కుదురే. పొలంలో వరి నాటితే ఒక్కో దుబ్బూ ఒక కుదురు. వరుసకీ వరుసకీ 20 సెంటీమీటర్లు, మొక్కకీ మొక్కకీ 15 ఉంచి నాటితే చదరపు మీటరుకి 33 కుదుళ్ళు పడతాయి. నాకైతే ఈ కుదుళ్ళన్నీ ఒకటే. అక్కా, పాపకి నేను చెప్పే ఒక్క మాట ఇది.

ఈ పోస్టు కింద వచ్చిన కామెంట్లకి జవాబులు ఇక్కడే ఇస్తున్నాను.

సివిల్ ఇంజనీరు సార్ ఒకరు: "మేస్త్రీ మాటని ఊరికే దాటేశారు. సిమెంటు సెట్ అవడం వేరు, గట్టిపడటం వేరు. మామూలు సిమెంటు బిగుసుకోవడం మొదలవ్వడానికి కనీసం 30 నిమిషాలు పట్టాలి, 600 నిమిషాల లోపు పూర్తిగా బిగుసుకోవాలి. బలం మాత్రం 28 రోజులకి చూస్తాం. ఇక్కడ కుదురు పనికిరాదు."

ఒప్పుకుంటున్నాను సార్. అక్కడ "బిగుసుకోవడం" అని మీరే మంచి మాట ఇచ్చారు. నీళ్ళు మాత్రం మర్నాటిదాకా వదల్లేదు.

ఇంటర్ చదివే తమ్ముడు: "అన్నా, ఎంసెట్‌లో సెట్ ఏ సెట్?"

అది మాట కాదురా, సీ, ఈ, టీ అనే మూడు అక్షరాలు. తెలుగులో రాసేసరికి కలిసిపోయాయి. పేపరు మీద రాసిన రోజుల్లో హాలు బయటికి రాగానే "సెట్‌లో నీకు ఏ సెట్ వచ్చింది?" అని అడుక్కునేవాళ్ళం, ఎవరికీ అనుమానం రాలేదు. ఇప్పుడది ఈఏపీసెట్ అయింది, నోరు తిరగడం కష్టం.

సమితి పెద్దలిద్దరికీ: లెక్కల పుస్తకంలో సమితే కరెక్టు, శూన్య సమితి లాంటి అందమైన మాట ఇంగ్లీషులో లేదు. కానీ దోశల సమితి ఎవరు తింటారండీ.

నల్లగొండ వైపు అక్క ఒకరు: "మా దిక్కు బిందె నెత్తిన పెట్టుకునేటప్పుడు కింద వేసుకునేదాన్ని సుట్టబట్ట అంటం. కుదురు అనం."

మంచి మాట ఇచ్చారక్కా, రాసిపెట్టుకున్నాను. నేల మీద కుండ కిందికీ అదే వాడతారా, వేరే మాటుందా చెప్పండి.

ప్రశ్న వేసిన అక్క: "పాప కుదురు అనే రాసింది. కుండ బొమ్మ కూడా వేసింది. కానీ కుదురు ఎప్పుడూ చూడలేదు కదా, గారె లాగా వేసింది. ఫొటో ఉంటే పెట్టండి."

గారె లాగానే ఉంటుందక్కా, చెరపనివ్వకండి. మా ఇంట్లో ఇప్పుడు కుండా లేదు, కుదురూ లేదు, ఇరవై లీటర్ల నీళ్ళ క్యానూ దాని ప్లాస్టిక్ స్టాండూ ఉన్నాయి. ఎండలు మొదలయ్యాయి, రోడ్డు పక్కన రంజన్లు, అంటే మంచినీళ్ళ మట్టికుండలు, దించుతున్నారు. ఆదివారం వెళ్ళి, ఏ కుండ కిందైనా గడ్డి కుదురు కనపడితే ఫొటో తీసి పెడతాను. ఇనప స్టాండులే ఉంటే అదీ చెప్తాను.